జూ జంతువుల 'నార్మల్' విలువలు అడవి జంతువులకు పనికొస్తాయా?

నల్లజింక రాశారు:

అందరికీ నమస్కారం. పశువైద్యంలో పీజీ చేస్తున్నాను, థీసిస్ అంశం ఇంకా ఖరారు కాలేదు. జింక జాతుల రక్తపరీక్షల మీద ఏదైనా చెయ్యమని గైడ్ గారు సూచించారు. చదవడం మొదలుపెట్టగానే ఒక చోట ఆగిపోయాను.

నా దగ్గర రెండు రకాల రిపోర్టులు ఉన్నాయి. ఒకటి ఎన్‌క్లోజర్లో పుట్టి పెరిగిన జింకలవి. రెండోది వలవేసి పట్టి, వేరే అడవికి తరలించిన జింకలవి. జాతి ఒకటే. అయినా గ్లూకోజ్, సీకే అనే కండరాల ఎంజైమ్, తెల్ల రక్తకణాలు, ఎక్కడా పొంతన లేదు. అడవి జింకల సీకే చూస్తే మంద మొత్తానికీ ఏదో జబ్బు ఉందనిపిస్తుంది. వదిలినవాళ్ళేమో అవి శుభ్రంగా మేస్తున్నాయంటున్నారు. పుస్తకాల్లో దొరికే నార్మల్ విలువల్లో చాలా భాగం జూల నుంచి వచ్చినవే. మరి నేను దేన్ని నార్మల్ అనుకోవాలి? అసలు బోనులో జంతువు మీద చేసిన పరిశోధన అడవిలో జంతువుకు ఎంతవరకు అక్కరకొస్తుంది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరు.

జూడాక్టర్ రాశారు:

మంచి ప్రశ్న. ముందు మీ అడవి జింకల రిపోర్టు సంగతి చూద్దాం. తరుముడు మొదలైన దగ్గర్నుంచి రక్తం తీసేదాకా ఎంతసేపు పట్టిందో ఎక్కడైనా రాశారా? అది లేకపోతే ఆ అంకెలకు అర్థం చెప్పడం కష్టం.

కండరం దెబ్బతింటే సీకే బయటికొస్తుంది. వలలో పెనుగులాడిన జింకకు అది పెరగకపోతేనే ఆశ్చర్యం. భయంతో అడ్రినలిన్ ఎగదన్నితే గ్లూకోజ్ పెరుగుతుంది, రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న తెల్లకణాలు ప్రవాహంలోకి వస్తాయి, ప్లీహం ముడుచుకుని తనలో దాచుకున్న ఎర్రకణాలను వదులుతుంది. అదే జింకకు జైలజీన్ లాంటి మత్తు ఇచ్చి తీస్తే వేరే బొమ్మ. ప్లీహం వదులై ఎర్రకణాలు అందులోకి చేరతాయి, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా) తగ్గుతుంది. జైలజీన్ ఇన్సులిన్‌ని అణిచేస్తుంది కాబట్టి గ్లూకోజ్ మాత్రం అప్పుడూ ఎక్కువే. అంటే ఆరోగ్యంగా ఉన్న ఒకే జంతువు, పట్టుకున్న పద్ధతిని బట్టి రక్తహీనత ఉన్నట్టూ కనిపిస్తుంది, లేనట్టూ కనిపిస్తుంది.

ఇంకో మాట. వదిలాక మేస్తున్నాయని నిశ్చింతగా ఉండొద్దు. క్యాప్చర్ మయోపతీ గురించి చదివే ఉంటారు. తరుముడుకు కండరాలు వేడెక్కి, ఆక్సిజన్ అందక, ఆమ్లం పేరుకుని చితికిపోతాయి. అందులోంచి వచ్చే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కిడ్నీలకు అడ్డం పడుతుంది. మూత్రం కాఫీ రంగులో వస్తుంది. కొన్ని అక్కడికక్కడే పోతాయి. కొన్ని రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత, మరేదో కంగారుకు పరిగెత్తబోయి కూలిపోతాయి. ఆపాటికి లెక్క రాసేవాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. అందుకే తరలింపు విజయవంతం అన్న మాట వినగానే ఎన్నాళ్ళు వెంబడించి చూశారని అడుగుతాను. ఒకసారి మొదలైందంటే వైద్యంతో వెనక్కి తేవడం చాలా కష్టం. కళ్ళకు గంత కట్టడం, చల్లటి వేళలో పని ముగించడం, మాటలు ఆపెయ్యడం, తరుముడు కుదించడం, ఇవే మన చేతిలో ఉన్న మందులు.

పాతకీపర్ రాశారు:

డాక్టరు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను చదువుకున్నవాణ్ణి కాదు, పులులు ఏనుగుల దగ్గర కీపరుగా చేసి రిటైరయ్యాను. ఒకప్పుడు పులి రక్తం కావాలంటే గన్నుతో మత్తుమందు డార్టు కొట్టాల్సిందే. గన్ను పట్టుకున్న డాక్టరు గేటు దాటగానే వాసనతోనే పసిగట్టి గర్జించేది. పడుకోబెట్టేసరికి దానికీ మాకూ చెమటలు పట్టేవి.

తర్వాత శిక్షణ వచ్చింది. చువ్వల కింద చిన్న సందు పెడతాం. కర్ర కొసను ముక్కుతో తాకితే విజిల్, వెంటనే మాంసం ముక్క. అలా మెల్లగా చువ్వలకు పక్కగా పడుకోవడం నేర్పుతాం. ఆపైన తోక సందులోంచి బయటికి లాగనివ్వడం, తోక పట్టుకోనివ్వడం, దూదితో తుడవనివ్వడం, మొద్దు సూదితో నొక్కనివ్వడం. ఒక్కో మెట్టు ఎక్కడానికి వారాలు పట్టేది. చివరికి ముందువైపు ఒకరు మాంసం అందిస్తుంటే, వెనక డాక్టరు గారు తోక పక్క నరంలోంచి నింపాదిగా రక్తం తీసేవారు. ఇష్టం లేని రోజు అది లేచి వెళ్ళిపోయేది. వెళ్ళనిచ్చేవాళ్ళం, మర్నాడు మళ్ళీ వచ్చేది. బలవంతం చేస్తే నెలల పని ఒక్క పూటలో పోతుంది.

ఏనుగుకి చెవి వెనక నరం. టీబీ పరీక్షకైతే తొండంలో ఉప్పునీళ్ళు పోసి, తొండం పైకెత్తించి, తర్వాత సంచిలోకి ఊదించాలి. తాగెయ్యకుండా ఊదడం నేర్పడమే అసలు పని.

స్వేచ్ఛాపక్షి రాశారు:

పాతకీపర్ గారూ, మీ ఓపికకు దణ్ణం. కానీ ఒక మాట అనకుండా ఉండలేను. పులి తోక ఇచ్చినంత మాత్రాన దాని ఆరోగ్యం అడవి పులి ఆరోగ్యం అయిపోదు కదా! 2008లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. యూరప్ జూల్లో పుట్టిన ఆఫ్రికా ఆడ ఏనుగుల మధ్యస్థ ఆయుష్షు 16.9 ఏళ్ళు. కెన్యాలోని అంబోసెలిలో స్వేచ్ఛగా తిరిగేవాటిది, మనుషుల వల్ల పోయినవాటిని పక్కన పెడితే, 56. ఆసియా ఏనుగులకైతే జూలో 18.9, బర్మా కలప పనుల్లో ఉన్నవాటికి 41.7. చాకిరీ చేసే ఏనుగు కూడా జూ ఏనుగు కంటే రెట్టింపు బతికింది!

గొరిల్లాలకు గుండెజబ్బులు, ఏనుగులకు సిమెంటు నేల మీద పాదాల పుళ్ళు, పిల్ల ఏనుగులను చంపే ఆ హెర్పిస్ వైరస్. ఇవన్నీ మనం బంధించి తెచ్చిపెట్టిన రోగాలు. ముందు మనమే జబ్బు పుట్టించి, తర్వాత దాన్ని పరిశోధించి, అది అడవికి మేలు అనడం నాకు మింగుడు పడదు.

సూక్ష్మదర్శిని రాశారు:

నేను పాథాలజిస్టుని. స్వేచ్ఛాపక్షి గారి ఆవేదనలో చాలా భాగం నాదీ. పాదాల పుళ్ళ విషయంలో మరో మాట లేదు. గొరిల్లాల గుండె కండరంలో పీచులా మచ్చ కట్టడం జూల్లో మగవాటి చావులకు పెద్ద కారణం, అదీ నిజమే. 2010లో దానికోసమే ప్రత్యేక ప్రాజెక్టు మొదలైంది. ఇప్పుడు చాలాచోట్ల గొరిల్లాలు మత్తు లేకుండానే ఛాతీని జాలీకి ఆనించి గుండె స్కాన్ చేయించుకుంటున్నాయి. కానీ ఏనుగుల హెర్పిస్‌ని అదే గాటన కట్టొద్దు. ఆ కథ పూర్తిగా చెప్పాలి.

1995లో వాషింగ్టన్ జాతీయ జూలో కుమారి అనే పదహారు నెలల పిల్ల ఏనుగు ఉన్నట్టుండి చనిపోయింది. గుండె మీద, నాలుక మీద, లోపలి అవయవాల మీద రక్తపు మచ్చలు. అక్కడి పాథాలజీ బృందం కణజాలంలో కొత్త హెర్పిస్ వైరస్‌ని గుర్తించి 1999లో ప్రకటించింది. అప్పట్లో చాలామంది మీలాగే అనుకున్నారు: ఆఫ్రికా, ఆసియా ఏనుగులను ఒకేచోట ఉంచడం వల్ల ఒకదాని వైరస్ మరొకదానికి అంటిందని, ఇది జూ తెచ్చిన జబ్బని. తర్వాత దక్షిణ భారత అడవుల్లో చనిపోయిన పిల్ల ఏనుగుల నమూనాల్లోనూ అదే వైరస్ రకాలు దొరికాయి. ఆ వివరాలు 2013లో అచ్చయ్యాయి. పెద్ద ఏనుగులు దాన్ని జీవితాంతం మోస్తూ, అప్పుడప్పుడు తొండం స్రావాల్లో వదులుతుంటాయి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తగ్గిపోయిన వయసులో పిల్లకు మొదటిసారి సోకితే, లక్షణాలు కనబడిన ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అడవిలోనూ పిల్లలు ఇలా పోతున్నాయని తెలిసిందంటే, జూలో ఎవరో శవాన్ని వదలకుండా చూసి, ఏం వెతకాలో చెప్పబట్టే.

పాతకీపర్ గారి చెవి నరం ఇక్కడే పనికొస్తుంది. శిక్షణ ఉన్న పిల్ల ఏనుగు నుంచి వారం వారం రక్తం తీసి పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేస్తే, లక్షణాలు కనబడకముందే వైరస్ పెరగడం తెలుస్తుంది. వెంటనే ఫామ్‌సిక్లోవిర్ లాంటి మందులు, ఆరోగ్యంగా ఉన్న ఏనుగు ప్లాస్మా ఎక్కిస్తారు. అయినా అన్నీ బతకవు. 2024లో హ్యూస్టన్ జూలో టెస్ అనే పెద్ద ఏనుగుకు మొదటిసారి ఎంఆర్ఎన్ఏ టీకా వేశారు.

మీ వాదనకు బలమైన సాక్ష్యం కావాలంటే నేనే ఇస్తాను: చీతాలు. జూ చీతాల కడుపు కోసి చూస్తే జీర్ణాశయపు లోపొర మందంగా, మడతలుగా, వాచిపోయి ఉంటుంది. కిడ్నీ వడపోత గుచ్ఛాలు గట్టిపడి ఉంటాయి. లివర్‌లో సన్న సిరలు పూడుకుపోయి ఉంటాయి. జన్యువైవిధ్యం తక్కువైన జంతువు కదా, దాని రాతే అంత అనుకున్నారు. ఒరెగాన్‌లోని ఒక సఫారీ పార్కులో 1980ల మొదట్లో కరోనా వైరస్ సోకి చీతాలు పెద్ద సంఖ్యలో పోవడం, సంబంధం లేని చీతాల మధ్య అతికించిన చర్మాన్ని వాటి ఒళ్ళు తోసిపుచ్చకపోవడం ఆ నమ్మకాన్ని ఇంకా గట్టిపరిచాయి.

లిండా మన్సన్ అనే పాథాలజిస్టు, ఆమె సహచరులు నమీబియా అడవి చీతాల కణజాలాన్ని తెచ్చి పక్కన పెట్టి చూశారు. జూ చీతాల కడుపులో ఉండే హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియానే వాటి కడుపులోనూ ఉంది, కానీ వాపు నామమాత్రం. కిడ్నీలు చాలావరకు శుభ్రం. జన్యువుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, బ్యాక్టీరియా ఒకటే, జబ్బు మాత్రం ఒకవైపే. మలంలో ఒత్తిడి హార్మోన్ల అవశేషాలు కొలిస్తే బోను చీతాల్లో ఎక్కువ, అడ్రినల్ గ్రంథి బయటి పొర కూడా వాటిలో మందం. దాంతో వేళ్ళన్నీ బంధించిన తీరు వైపు తిరిగాయి. ఇంత స్పష్టంగా తేలడానికి రెండు వైపుల శవాలనూ ఒకే కళ్ళు, ఒకే పద్ధతిలో చూడటమే కారణం. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు పులకరించే పని ఇది.

నల్లజింక గారూ, మీకు నా సలహా ఇదే. జూ విలువల్ని నార్మల్ అనకండి, ఫలానా పరిస్థితిలో తీసిన విలువలు అనండి.

గడ్డిమైదానం రాశారు:

ఫీల్డులో పనిచేసేవాడిగా నేను అవతలి కొస నుంచి చెబుతాను. అడవిలో ఒక జబ్బు పేరు దొరికితే కథ అయిపోయినట్టు కాదు.

1994లో టాంజానియాలోని సెరెంగేటిలో కుక్కల డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకి దాదాపు వెయ్యి సింహాలు పోయాయి, అంటే మూడింట ఒక వంతు. అక్కడి సింహాల పాత సీరం నమూనాలు ఫ్రీజర్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని పరీక్షిస్తే, అదే వైరస్ అంతకుముందూ చాలాసార్లు వచ్చి, పెద్దగా చావుల్లేకుండానే వెళ్ళిపోయిందని తేలింది. మరి 1994లో, మళ్ళీ 2001లో గోరోంగోరో బిలంలో ఎందుకు చంపింది? ఆ రెండుసార్లూ ముందు ఏడాది తీవ్రమైన కరువు. బక్కచిక్కిన అడవిదున్నల ఒంటి నిండా పిడుదులు. తేలిగ్గా దొరికిన దున్నల్ని తిన్న సింహాలకు ఆ పిడుదుల ద్వారా బబీసియా పరాన్నజీవి మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కింది. ఆ సమయంలోనే డిస్టెంపర్ వచ్చి రోగనిరోధక శక్తిని పడగొట్టింది. కరువు, పిడుదు, వైరస్ మూడూ కలిశాయి. ఇదంతా 2008లో అచ్చయింది, అందులోనూ మన్సన్ పేరే ముందుంది. 2018లో గిర్ సింహాలు చనిపోయినప్పుడు నేను మొదట వెతికింది కూడా వైరస్‌తో పాటు ఇంకేముందన్నదే.

రాబందుల సంగతీ చెప్పాలి, ఎందుకంటే బోనులో పరిశోధన అడవిని కాపాడిందనడానికి నాకు అంతకంటే పెద్ద ఉదాహరణ తెలియదు. తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపు భారత్‌లో 99.9 శాతం తగ్గిపోయాయి. అందరూ వైరస్ కోసం వెతికారు. శవాల్లో లివర్ మీద, గుండె మీద సున్నం పూసినట్టు యూరిక్ యాసిడ్ పొర కనిపించేది. కిడ్నీలు ఆగిపోతే పక్షుల్లో జరిగేది అదే. పాకిస్తాన్‌లో పనిచేసిన బృందం 2004లో దోషిని పట్టుకుంది: పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్. ఆ మందు పడిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందు కొద్ది రోజుల్లోనే పోతుంది. మరి రైతుకు ప్రత్యామ్నాయం చూపకుండా నిషేధిస్తే ఎవరు వింటారు? బోనుల్లో ఉన్న రాబందులకు మెలాక్సికామ్ అనే మరో నొప్పిమందు కొద్ది మోతాదుతో మొదలుపెట్టి పెంచుతూ ఇచ్చి, రక్తంలో యూరిక్ యాసిడ్ కొలిచి, సురక్షితమని తేల్చారు. 2006లో అది అచ్చయింది, అదే ఏడాది భారత్ పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ని నిషేధించింది. తర్వాత కీటోప్రొఫెన్ అనే నొప్పిమందు కూడా ప్రమాదమేనని ఇలాంటి పరీక్షల్లోనే బయటపడింది, ఎసిక్లోఫెనాక్ అనేదేమో పశువు ఒంట్లోనే డైక్లోఫెనాక్‌గా మారుతుందని తేలింది, 2023లో వాటినీ ఆపారు. స్వేచ్ఛాపక్షి గారూ, ఆ పరీక్ష అడవి రాబందుల మీద చెయ్యడానికి వీలే లేదండీ.

స్వేచ్ఛాపక్షి రాశారు:

రాబందుల విషయంలో మీతో వాదించను. చీతాల గురించి సూక్ష్మదర్శిని మేడమ్ రాసింది దాచుకున్నాను. నా అభ్యంతరం ఇంకా ఒకటి మిగిలే ఉంది. చీతాలకు జబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసి ఇన్నేళ్ళయింది. తెలిసిన తర్వాత ఆ ఎన్‌క్లోజర్లు మారాయా? మార్పు రాని చోట ఇంకో నమూనా తీసే హక్కు మనకు ఉందా?

జూడాక్టర్ రాశారు:

మారిన చోట్లు ఉన్నాయి. క్లీవ్‌లాండ్ జూలో గొరిల్లాలకు బిస్కెట్లు ఆపేసి ఆకుకూరలు, ఆకుల కొమ్మలు పెట్టారు. తినడానికి పట్టే సమయం బాగా పెరిగింది, బరువు తగ్గింది. ఆడ పులులు, సింహాలకు పిల్లలు పుట్టకుండా చర్మం కింద పెట్టే ప్రొజెస్టిన్ హార్మోన్ ఇంప్లాంట్ల వల్ల రొమ్ము, గర్భాశయ కాన్సర్లు వస్తున్నాయని పాథాలజీ వాళ్ళు చూపించాక చాలా జూలు వేరే పద్ధతులకు మళ్ళాయి. మారని చోట్లు ఇంతకంటే ఎక్కువున్నాయి, అందులో నేను పనిచేసినవీ ఉన్నాయి. మీ ప్రశ్నను ప్రతి ఎథిక్స్ కమిటీ ముందూ పెట్టాలి.

జూలో భద్రం అనుకున్నది అన్ని జంతువులకూ భద్రం కాదని కూడా ఇక్కడే చెప్పాలి. 1970ల మొదట్లో అమెరికాలో నల్లకాళ్ళ ఫెర్రెట్‌లను (ముంగిసలా పొడవాటి ఒళ్ళున్న చిన్న మాంసాహారులు) కాపాడదామని ఆరింటిని పట్టి తెచ్చి డిస్టెంపర్ టీకా వేశారు. మామూలు ఫెర్రెట్‌లకు ఇబ్బంది కలిగించని లైవ్ టీకా అది, అంటే బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసింది. నాలుగు ఆ టీకాలోని వైరస్‌కే బలైపోయాయి. ఎర్ర పాండాల్లోనూ ఇలాంటి చావులు నమోదయ్యాయి. దగ్గరి చుట్టం జాతి తట్టుకుంది కదా అని అరుదైన జంతువు మీద ప్రయోగించకూడదని మా తరానికి నేర్పింది ఆ సంఘటనే. ఇప్పుడు వైరస్ మొత్తం లేకుండా, కానరీపాక్స్ అనే పక్షుల వైరస్‌లో దాని ముక్క మాత్రమే పెట్టిన టీకాలు వాడుతున్నారు.

లెక్కలమాష్టారు రాశారు:

గణాంకాల వైపు నుంచి క్లుప్తంగా. రిఫరెన్స్ ఇంటర్వల్, అంటే నార్మల్ అనదగ్గ విలువల పరిధి, గట్టిగా నిలవాలంటే కనీసం 120 ఆరోగ్యవంతమైన జంతువులు కావాలన్నది సాధారణ నియమం. 40 ఉంటే జాగ్రత్తగా చెయ్యొచ్చు. 20 కంటే తక్కువైతే ఇంటర్వల్ జోలికి పోకుండా విడివిడి అంకెల్నే పట్టికగా ఇవ్వండి. ఒకే జింక నుంచి ఐదుసార్లు తీసి ఐదు జంతువులుగా లెక్కేస్తే పరీక్షకులు ఒప్పుకోరు.

అడవి నమూనాల్లో ఇంకో మెలిక ఉంది. పట్టుబడేది ఏ జింక? గుంపులో బాగా పరిగెత్తగలిగింది తప్పించుకుంటుంది. శవాల్లోనూ అంతే, దారి పక్కన పడినవి మనకు దొరుకుతాయి, పొదల్లో పోయినవి దొరకవు. ఏ వయసు, ఏ లింగం, ఎక్కడ, ఎలా దొరికిందో ప్రతిదానికీ రాసిపెట్టుకుంటే తర్వాత సరిచూసుకోవడానికైనా వీలుంటుంది.

నల్లజింక రాశారు:

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. గైడ్ గారితో మాట్లాడాను. ఒకే జాతి జింకల్లో శిక్షణతో తీసినవి, మత్తిచ్చి తీసినవి, వలవేసి పట్టి తీసినవి పోల్చి, ఏ పరీక్ష ఏ పద్ధతికి ఎంత కదులుతుందో చూద్దామన్నారు. తరలింపు ఎలాగూ అటవీశాఖ చేస్తోంది కాబట్టి నమూనాల కోసం ప్రత్యేకంగా ఒక్క జింకనూ పట్టం. స్వేచ్ఛాపక్షి గారి ప్రశ్నను ప్రపోజల్లో రాస్తున్నాను.

ఒక సందేహం. తరలింపులో ఏదైనా జింక చనిపోతే శవాన్ని ఫ్రీజర్లో పెట్టించి, వీలు దొరికినప్పుడు మేడమ్ లాంటివారికి పంపొచ్చా?

సూక్ష్మదర్శిని రాశారు:

దయచేసి ఫ్రీజర్లో పెట్టకండి. నీరు మంచు స్ఫటికాలుగా మారి కణాలను చీల్చేస్తుంది. కరిగాక మైక్రోస్కోపు కింద గులాబీ రంగు బురద తప్ప ఏమీ కనిపించదు, ముఖ్యంగా మీకు కావలసిన కండరంలో. నాలుగు డిగ్రీల చల్లదనంలో ఉంచి ఆ రోజే కొయ్యండి. అది కుదరకపోతే అక్కడే కోసి ముక్కలు తియ్యండి.

కొయ్యబోయే ముందు ఒకటి చూడాలి. ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే, పొట్ట మరీ త్వరగా ఉబ్బితే కత్తి ముట్టుకోవద్దు. ఆంథ్రాక్స్ అయ్యుండొచ్చు, గాలి తగిలితే దాని బీజాలు నేలలో దశాబ్దాలు బతుకుతాయి. చెవి నుంచి ఒక్క చుక్క రక్తం గాజు పలక మీద పూసి (స్మియర్) పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఆగండి.

ముక్కలు సెంటీమీటరు మందం దాటకూడదు. ఫార్మలిన్ ముక్కలకు పదింతలు ఉండాలి. కిక్కిరిసిన సీసాలో మధ్యలో ఉన్నవి కుళ్ళిపోతాయి. మయోపతీ అనుమానం కాబట్టి గుండె, తొడ వెనక కండరం, కిడ్నీ తప్పనిసరి. ఏమీ తేడా కనిపించని అవయవాలు కూడా పెట్టండి. ప్రతిదాంట్లోంచి ఇంకో చిన్న ముక్క, మైక్రోస్కోపు కోసం కాదు, తర్వాత చేసే ఇతర పరీక్షల కోసం, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్లో దాచండి. కారణం చెబుతాను. బెర్లిన్ జూలో క్నుట్ అనే ధ్రువపు ఎలుగు 2011లో మూర్ఛ వచ్చి నీళ్ళలో పడి మునిగిపోయింది. మెదడు వాపు అని శవపరీక్షలోనే తెలిసింది, కారణం మాత్రం దొరకలేదు, వైరస్ అనుకున్నారు. దాచిన నమూనాలను మళ్ళీ తీసి చూస్తే, అంతవరకు మనుషుల్లో మాత్రమే గుర్తించిన ఆటోఇమ్యూన్ మెదడువాపు (ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు మీద దాడి చెయ్యడం) అని 2015లో తేలింది. ఆ ముక్కలు పారేసి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

నల్లజింక రాశారు:

అర్థమైంది మేడమ్. సీసా మీద జంతువు నంబరు, తేదీ రాస్తే చాలు కదా?

సూక్ష్మదర్శిని రాశారు:

చాలదు. తరుముడు మొదలైన సమయం, పట్టుబడిన సమయం, ప్రాణం పోయిన సమయం, మీరు కోసిన సమయం నాలుగూ కావాలి. ఏ మత్తు ఎంత ఇచ్చారు, పట్టుకున్నప్పుడు శరీర ఉష్ణోగ్రత ఎంత, ఆ గంటలో ఎండ ఎలా ఉందీ అన్నది విడి కాగితం మీద రాయండి. సీసా మీద మాత్రం పెన్సిల్‌తోనే రాయండి, ఫార్మలిన్ తగిలితే ఇంకు చెరిగిపోతుంది. అదే నంబరు పెన్సిల్‌తో రాసిన చీటీ ఒకటి సీసా లోపల కూడా వెయ్యండి, మూత మీద కాదు. మూతలు మారిపోతుంటాయి.